వేటకు బోవు చీతాబండి

మహాభారతకథ యొక కుక్కతో మొదలై యింకొక కుక్కతో ముగియుచున్నదని మా తాతగారు చెప్పుచుండెడివారు. నన్నయభట్టు ఆదిపర్వమున, జనమేజయుని యజ్ఞశాల కడకు వచ్చిన సారమేయమును, అనగా దేవలోకపు శునకియగు సరమ కొడుకును, ఆ రాజు తమ్ములు నిష్కారణముగ గొట్టగా, తల్లి వచ్చి నిండుసభలో న్యాయమడిగినది. తిక్కన సోమయాజి మహాప్రస్థానిక పర్వమున, ద్రౌపదియు దమ్ములు నలువురును త్రోవలో నొకరి వెనుక నొకరు కూలిపోగా, ఒంటిగ మిగిలిన ధర్మరాజు కడకు దేవేంద్రుడు రథము దెచ్చి యెక్కుమన, వెంట నడచి వచ్చిన కుక్కను విడిచి తానెక్కజాలనని యా మహానుభావుడు మంచుకొండల దారిలో నిలిచిపోయెను. కుక్కకు బండిలో చోటున్నదా లేదా యను ప్రశ్న మన వాఙ్మయమున అంతటి యెత్తున, అంతటి చలిలో వచ్చినది.

ఆ ప్రశ్నకే భూలోకమున ఇంకొక రూపము కలదు. మనుష్యుడు వేటకు బోవునపుడు తనకు దోడుగ గొనిపోవు మృగమును, అది జాగిలమైనను చీతాయైనను, వేటభూమి వఱకు ఎట్లు చేర్చెను? నడిపించెనా, మోయించెనా, బండి కట్టించెనా? కట్టించినచో ఆ బండిని చేసినదెవరు? మన ప్రబంధకవులలో పెక్కురు వేటను కన్నులకు గట్టినట్లు వర్ణించినారు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటయు, ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యములో తిన్నని వేటయు చదివినవానికి బోయల కేకలును, జాగిలముల మొఱుగులును, వలల సందడియు చెవులలో చాలసేపు మ్రోగుచుండును. కాని వేటమృగము నెక్కించుకొని పోయిన బండిని గూర్చి గాని, దాని యిరుసు చెక్కిన వడ్రంగిని గూర్చి గాని మన గ్రంథములలో చెప్పుకొనదగినంత మాట లేదు. రాజును, ఇఱ్ఱిని, చీతాను చిత్రించిన చిత్రకారులు సైతము బండిని ఒక మూలకు ద్రోసిరి. ఆ మూలనున్నదానిని నడుమకు దెచ్చుటకే నేనీ వ్యాసమునకు బూనుకొంటిని.

ఈ యూహ నాకు కలిగినది పుస్తకశాలలో కాదు, హైదరాబాదు యూసుఫ్‌గూడలో, మా యింటికి నాలుగడుగుల దూరమున కృష్ణానగరమునకు దిగు సందు మలుపున నున్న యొక వెల్డింగు కొట్టు ముందఱ. కిటికీలకు గ్రిల్లులును, మేడలకు గేట్లును చేయు ఆ కొట్టు ముంగిట ఒకనాటి యుదయమున ఒక విచిత్రమగు వస్తువు నిలిచియుండెను. ఇనుప యాంగిళ్లతో బిగించిన చట్రము, దాని క్రింద రెండు చక్రములు, మీద నలువైపుల చువ్వలు గట్టిన గూడు, ముందఱ జీపు వెనుకకు దగిలించుటకు ఒక కొక్కెము. ఏమిటని యడుగగా, నగరమునకు వెలుపల మామిడితోట గల యొక గృహస్థు ముధోలు జాతి కుక్కలు నాలుగింటిని పెంచుచున్నాడనియు, వారమునకొకసారి వానిని తోటకు గొనిపోవుటకు ఈ ట్రాలీని చేయించుచున్నాడనియు పనివాడు చెప్పెను. చక్రములు పాతకారువి, స్ప్రింగులు ఆటోవి. అడుగు పలక యింత క్రిందికి ఏల దించితివని నేనడిగితిని. అతడు చేతిలోని గొట్టమును నేలమీద బెట్టి, "కుక్క నిలవడ్డంక తల మీద జానెడు జాగుండాలె సార్. పలక ఎత్తుల పెడ్తె మలుపుల కాడ పడ్తయ్. గందుకే ఇరుసుకు ఆనిచ్చి పెట్టిన" అని, మరల కన్నులకు నల్లద్దము దించుకొని తన పనిలో బడెను. ఆ మాట నా మనస్సున నాటుకొనినది. ఇరుసునకు ఆనించి పలకను నేలకు దగ్గఱగ బెట్టుట యను సూత్రమును అంతకుముందు నేను చదివియుంటిని. అది చదివినది నూటయేబది సంవత్సరముల నాటి చీతాబండ్ల వర్ణనలలో.

ఆ చీతాబండి కథకు ముందు, మన యెండకు మిక్కిలి దూరమైన మంచుదేశముల ముచ్చట యొకటి చెప్పవలెను. ఏలయన ఈ ప్రశ్న అచ్చట నేటికిని సజీవముగ నున్నది. కెనడాలోను, అలాస్కాలోను, ఫిన్లాండులోను శీతకాలమున కుందేళ్లను, దుప్పులను వేటాడు గృహస్థులు మంచుమీద జాఱిపోవు మోటారుబండి వెనుక, తాము పెరటిలో స్వయముగ చేసికొనిన కొయ్యపెట్టె నొకదానిని తగిలించి, దానిలో గడ్డి పఱచి, జాగిలముల నెక్కించి అడవికి గొనిపోదురు. యంత్రము వెనుకకు చిమ్ము మంచుపొడి కుక్క కన్నులలో బడకుండుటకు ముందువైపు పలకను ఎత్తుగ నిలుపుటయు, గాలి యాడుటకు ప్రక్కల రంధ్రములు తొలుచుటయు, అడుగున పొడవైన జాఱుపట్టీలు బిగించుటయు అచ్చటి వడ్రంగపు తెలివి. ఆ మంచుమోటారుకు రూపమిచ్చినవాడు కెనడాలో క్వెబెక్ ప్రాంతమున వాల్‌కోర్ అను చిన్నయూరివాడగు జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే. 1934 శీతకాలమున మంచు దారులను మూసివేసిన దినములలో అతని చిన్నకొడుకు కడుపులో రోగముతో, వైద్యశాలకు చేర్చు సాధనము లేక మరణించెను. ఆ దుఃఖముతో పట్టుదల వహించి అతడు 1937లో మంచుమీద నడచు పెద్దబండికి హక్కుపత్రము పొంది, 1959లో ఒకరిద్దఱెక్కు చిన్నబండిని అంగడికి దెచ్చెను. స్లెడ్జిని లాగు కుక్కల స్థానమున నిలువవలసినదగుటచే దానికి మొదట "స్కీడాగ్" అని, అనగా జాఱుకుక్క యని, పేరు పెట్టదలచిరట. అదియే "స్కీడూ" అయి లోకమున స్థిరపడెను. తరతరములు బండి లాగిన కుక్క ఆనాటినుండి బండిలో గూర్చున్నది. కుక్కజాతి చరిత్రలో ఇంతటి మార్పు మఱియొకటి నాకు తోచదు.

ఇక వేటమృగమును మోసికొనిపోవుట యేల? వేట యనగా పరుగు. పరుగునకు బలము దాచవలెను. వాసన బట్టి తఱుము జాగిలము దినమంతయు నడువగలదు గనుక దానికి బండి యక్కఱలేదు. చెంచుల కుక్కలును, బోయల కుక్కలును యజమాని మడమల వెంట నడచియే అడవి జొచ్చెను. చూపు బట్టి తఱుము జాగిలము, సన్నని నడుమును, లోతైన ఱొమ్మును గలది, కొలది నిమిషముల పరుగునకే పుట్టినట్టిది. దానిని పది మైళ్లు నడిపించినచో వేటనాటికి సగము బలము దారిలోనే పోవును. చీతా సంగతి యింకను తీవ్రము. గంటకు 100 కిలోమీటర్ల వేగము నందుకొనగల ఆ మృగము ఆ వేగమును కొలది వందల గజముల మేర మాత్రమే నిలుపుకొనగలదు. ఆపై అది బలముడిగి, రొప్పుచు కూలబడవలసినదే. అట్టిదానిని మండుటెండలో నడిపించి వేటకు దెచ్చుట నూనె నొలకబోసి దీపము వెలిగింపబూనుట వంటిది. కనుక చీతాతో వేటాడ నేర్చిన దేశములన్నింట దానికి వాహనము తప్పనిసరి యైనది.

మన దేశమున ఈ విద్య ప్రాచీనము. కౌటిల్యుని అర్థశాస్త్రములో అడవులను గాలించి దొంగల జాడలను, శత్రువుల జాడలను తెలిసికొనవలసిన వారిలో లుబ్ధకులు, శ్వగణులు, అనగా వేటకాండ్రు, కుక్కలమందల వారు పేర్కొనబడిరి. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున రాజు వినోదములలో మృగయా వినోదమునకు, సారమేయ వినోదమునకు వేఱువేఱుగ స్థానము దొరికినది. కల్యాణి మన హైదరాబాదునకు ఆమడల దూరమే. ఆ రాజ్యపు నల్లరేగడి మైదానములును, నేటి తెలంగాణపు చేలును ఒకే పీఠభూమి. చీతా యను మాట సైతము చిత్రకాయమను సంస్కృతపదము నుండి పుట్టినదే. ఒంటినిండ చుక్కలు గలదని యర్థము. మనము చిరుతపులియనునది వేఱు జంతువు. అది చెట్టెక్కును, చీకటిలో పొంచును. చీతా పగటివేళ, బయలున, ఎదురుగ తఱుమును. ఈ భేదమును పాటింపక రెండింటిని ఒకే పేరుతో బిలుచుటచే మన వ్రాతలలో ఎన్నియో పొరబాట్లు దొరలినవి.

మొగలు కాలమున ఈ వేట పరాకాష్ఠ నందెను. అక్బరు పాదుషా కొలువున ఒక కాలమున వేయి చీతాలుండెనని ఆయన కుమారుడు జహాంగీరు వ్రాసికొనెను. అబుల్ ఫజలు రచించిన ఐనీ అక్బరీలో ఆ చీతాల మేతకు, పరిచారకుల జీతములకు, వానిని వేటకు గొనిపోవు విధములకు నియమములు గలవు. గుఱ్ఱముల మీదను, బండ్ల మీదను, డోలీలలోను వానిని మోయించెడివారు. సమంద్ మానిక్ అను నొక చీతాకు పాదుషా మిక్కిలి మన్నన చేసి, దానిని చౌడోలులో నూరేగించి ముందు నగారా మ్రోగింపజేసెను. అది రాజవైభవపు కథ. నాకు దానికంటె ఎడ్లబండి ప్రియము, ఏలయన అది ఊరివారి చేతిపని.

చీతాబండిని గూర్చి పందొమ్మిదవ శతాబ్దపు వేటకాండ్రు వ్రాసిన వర్ణనలన్నియు ఒక విషయమున నేకీభవించుచున్నవి. అది ప్రక్కగోడలు గాని, గూడు గాని లేని చదునైన పలకబండి, నేలకు మిక్కిలి దగ్గఱగ నుండును, లాగునవి రెండెడ్లు. పలక నడుమ చీతా కూర్చుండును లేదా పండుకొనియుండును. దాని కన్నులకు తోలుతో గాని గుడ్డతో గాని చేసిన గంత కట్టబడియుండును; మెడకును నడుమునకును పట్టెడలు వేసి వానికి త్రాళ్లు తగిలింతురు. ప్రక్కన చీతావాడు కూర్చుండి త్రాడు చేత బట్టుకొని, రెండవ చేతితో దాని వీపు నిమురుచుండును. ఎడ్లు మొదట ఆ వాసనకు బెదరును గనుక, చీతాబండికి గట్టు ఎడ్లను ముందుగ దానికి అలవాటు చేయవలెను. ఇవన్నియు చెప్పినంత సులువైన పనులు గావు.

ఆ బండిని చేసినవాడు రాజుగారి కారఖానాలో ఉద్యోగి కాకపోవచ్చును. ఊరి వడ్రంగియు, ఊరి కమ్మరియు కలిసి చేయు రైతుబండికి గోడలు తీసివేసి, పలకను దించినచో చీతాబండి యగును. నా బాల్యమున మా యూరిలో బండిచక్రమునకు ఇనుపపట్టా ఎక్కించుట చూచియుంటిని గనుక ఆ పని యెట్టిదో చెప్పగలను. నల్లతుమ్మ మ్రానును కోసి, నెలల తరబడి నీడన ఆరవైచి, వడ్రంగి నాభిని, ఆకులను, అంచు చెక్కలను చెక్కి కూర్చును. కమ్మరి ఇనుపపట్టాను వలయముగ వంచి, దాని చుట్టుకొలతను చక్రపు చుట్టుకొలత కంటె ఒకింత తక్కువగ నుంచి అతుకును. పట్టా ఎక్కించునాడు తెల్లవాఱుజామున ఊరి వెలుపల పిడకలను వలయాకారముగ పేర్చి, నడుమ పట్టాను బెట్టి నిప్పంటింతురు. ఇనుము ఎఱ్ఱబడి సాగినపుడు నలుగురు పట్టుకారులతో దానిని పైకెత్తి చక్రమునకు దొడిగి, సమ్మెటలతో మోదుదురు; చెక్క భగ్గున మండును; వెంటనే కడవల నీళ్లు క్రుమ్మరింతురు. అప్పుడు వచ్చు చప్పుడు, ఆ పొగ, తుమ్మచెక్క కాలిన ఆ వాసన నేటికిని నన్ను విడువలేదు. ఇనుము చల్లబడి కుంచించుకొనుచు చెక్కలనన్నిటిని నాభివైపునకు బిగించునపుడు కీళ్లు కిఱ్ఱుమను. ఆ కిఱ్ఱు సరిగ వినబడినచో చక్రము తరమొకటి నిలుచునని కమ్మరి చెవి యొగ్గి వినెడివాడు. ఇరుసునకు కందెన ఆముదముతోను, కాల్చిన గడ్డిమసితోను కలిపి వేయుదురు.

ఇట్టి బండియే చీతావేటకు ప్రాణము. దానికి కారణము కేవలము మోత కాదు. ఇఱ్ఱి, అనగా కృష్ణజింక, ఆరుబయలున మందలుగ మేయు జంతువు. అరకోసు దూరమున మనిషి నడచి వచ్చుచుండగనే చెవులు నిక్కించి పరుగందుకొనును. గుఱ్ఱమును చూచినను నమ్మదు. కాని చేలగట్ల వెంట ఎరువు తోలు బండియు, కోతలనాడు మోపులు మోయు బండియు దానికి పుట్టినది మొదలు పరిచితములు. ఆ కిఱ్ఱుకిఱ్ఱు చప్పుడు దానికి అపాయసూచన కాదు. కనుక చీతాబండి మందకు ఎదురుగ పోదు. దూరమునుండి వలయముగ తిరుగుచు, రైతు తన పనిమీద తాను పోవుచున్నట్లు, ఒక్కొక్క చుట్టునకు కొలది గజములు దగ్గఱ యగుచు, నూఱు నూటయేబది గజముల లోపలికి వచ్చును. బండి నిలుపరాదు, నిలిచిన క్షణమున ఇఱ్ఱులు తలలెత్తును. నడచుచున్న బండిమీదనే చీతావాడు త్రాడు జాఱవిడిచి, తలను మందవైపునకు ద్రిప్పి, గంత తీయును. వెలుగునకు రెప్పలార్చిన చీతా నల్లని మగయిఱ్ఱిని చూచి, చప్పుడు లేకుండ దిగి, పొదలచాటున వంగివంగి నడచి, తుదకు ఒక్కసారి బాణమువలె పోవును. ఆ పరుగు నిమిషమైన నుండదు. అందెనా, ఇఱ్ఱిని పడద్రోసి గొంతు పట్టును. అందలేదా, నేలమీద కూలబడి, రొప్పుచు, ఎవరివంకను చూడక ముఖము త్రిప్పుకొనును. చీతావాడు పరుగున వచ్చి, కొయ్యగరిటెలో ఇఱ్ఱి నెత్తురు పట్టి దానికి చూపి, అది త్రాగుచుండగ మరల గంత కట్టి బండి నెక్కించును.

ఆ చీతాను పట్టువారు పారధులు. దక్కనులోను, మధ్యపరగణాలలోను ఉచ్చులు పన్ని జీవించు ఈ జాతిలో చీతాలను పట్టి వేట నేర్పు శాఖకు చీతాపారధులనియే పేరు వచ్చినది. చీతాలు గోళ్లు గీఱుకొనుటకును, ఆటలాడుటకును మరలమరల వచ్చు చెట్టును కనిపెట్టి, దాని చుట్టు ఇఱ్ఱి నరములతో పేనిన ఉచ్చులు పఱచెడివారు. కూనను పట్టి పెంచినచో ప్రయోజనము లేదని వారికి తెలియును. తల్లి కడ వేట నేర్చిన యెదిగిన చీతాయే పనికివచ్చును. దానిని తెచ్చి, కన్నులకు గంత గట్టి, మంచమునకు బిగించి, బజారు నడుమ నుంచి, స్త్రీలను పిల్లలను చుట్టు కూర్చుండబెట్టి గంటల తరబడి మాటలాడించెడివారు. మనుష్యుల కంఠధ్వని అలవడినదాక ఇదియే దాని బడి. కొన్ని నెలలలో అడవిమృగము చేతిముద్ద తినునది. ఆ పారధులనే పిమ్మట ప్రభుత్వము నేరజాతుల చట్టము క్రింద పట్టికకెక్కించి, ఊరూర పోలీసుల కడ హాజరు వేయించెను. రాజులకు చీతాను తెచ్చియిచ్చిన చేతికి దొరికిన ప్రతిఫలమది; ఈ మాట వ్రాయునపుడు నాకు బాధ కలుగుచున్నది.

దక్షిణాపథపు చీతాలు సముద్రము గూడ దాటినవి. మద్రాసు గవర్నరుగ పనిచేసి మరలిపోయిన జార్జి పిగట్ అను దొర యొక చీతాను మూడవ జార్జి రాజునకు కానుక చేసెను. దానిని విండ్సరు తోటలో ఒక మగదుప్పి మీదికి వదలగా, దుప్పి కొమ్ములు వంచి దానినే తఱిమి పంపినదట. ఆ చీతాను, వెంట వెళ్లిన యిద్దఱు భారతీయ పరిచారకులను జార్జి స్టబ్సు 1765 ప్రాంతమున చిత్రించిన పటము మాంచెస్టరు చిత్రశాలలో నేటికిని ఉన్నది. ఆ యిద్దఱి పేర్లు పటములో లేవు. గంత తీసిన చేతి వ్రేళ్లు మాత్రము స్పష్టముగ కనబడుచున్నవి. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయినపుడు టిప్పు సుల్తాను వేటచీతాలు ఆంగ్లేయుల వశమైనవి. వానిలో గొన్నింటిని, పిమ్మట వెల్లింగ్‌టన్ ప్రభువైన ఆర్థరు వెల్లెస్లీ పోషించెను.

తెలుగునాట జరిగిన యొక విషాదమును ఇచ్చట చెప్పక తప్పదు. 1880వ సంవత్సరమున విశాఖపట్టణము జిల్లాలో గవర్నరుగారి ఏజెంటుగ నుండిన ఓ. బి. ఇర్విన్ అను దొర, విజయనగరము రాజావారి వేటచీతా వలన గాయపడి మరణించెను. చీతా మనుష్యుని చంపినట్లు మన దేశమున లిఖితముగ నున్న యుదంతము ఇది యొక్కటియే. వేలకొలది చీతాలు వందలకొలది సంవత్సరములు మనుష్యుల ప్రక్కన, ఒకే పలకమీద, త్రాడు దూరమున కూర్చుండిన చరిత్రలో ఇట్టిది ఒక్కటియే జరిగినదనగా, ఆ చీతావాండ్ర చేతినేర్పు ఎంతటిదో గ్రహింపవచ్చును.

హైదరాబాదు రాజ్యమున వేట రాజోద్యోగములలో నొకటివలె సాగెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను గుఱి తప్పని వేటకాడని ప్రసిద్ధి. ఆయన కొలువున ఛాయాచిత్రకారుడైన లాలా దీనదయాళ్ వేటశిబిరములను, డేరాలను, ఏనుగులను, పరిచారకులను గాజుపలకలకెక్కించి మనకు మిగిల్చెను. 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ నిజాము అతిథిగ వచ్చి వేటలాడి, తన దినచర్యలో ఆ ముచ్చట్లు వ్రాసికొనెను. ఇరువదియొక సంవత్సరముల పిమ్మట సరజేవోలో అతని హత్యయే ప్రపంచయుద్ధమునకు నాంది యైనది. నగరమునకు తూర్పున నేడు మహావీర హరిణ వనస్థలి యనబడు బయలు ఆనాడు నిజాముల వేటభూమి. 1975లో అది ఇఱ్ఱుల కాటపట్టుగ మార్పబడెను; విజయవాడ మార్గమున బోవు బస్సు కిటికీ నుండి చూచినచో నేటికిని నల్లని మగయిఱ్ఱి మెలిదిరిగిన కొమ్ములు గడ్డిపైన కానవచ్చును.

పడమటి వైపున మా యూసుఫ్‌గూడ మీది గుట్టలు మఱియొక విధము. నేడు జూబిలీహిల్సు, బంజారాహిల్సు అనబడు ఆ రాళ్లు, పొదలు, లోయలు చీతా పరుగునకు తగినవి కావు. అవి తండాల వారివి. బంజారాలు, మన వాడుకలో లంబాడీలు, ఎద్దుల మీద ఉప్పును, ధాన్యమును వేసికొని దేశమంతయు సంచరించిన జాతి. సైన్యములకు ఆహారమందించిన జాతి. వారి వెంట నడచిన పొడుగుకాళ్ల, సన్నని మూతి జాగిలమునకు కారవాన్ హౌండ్ అను పేరు వారి బిడారుల వలననే వచ్చినది. పగలు అది దారిలో కుందేలును పట్టెడిది, రాత్రి ఎద్దుల గుంపును కాచెడిది. ఆ జాతినే ముధోలు సంస్థానాధిపతి మాలోజీరావు ఘోర్పడే చేరదీసి, పెంపొందించి, ఒక జంటను అయిదవ జార్జి చక్రవర్తికి పంపగా, ముధోలు కుక్కయని లోకమునకు తెలిసినది. 2005 జనవరిలో మన తపాలాశాఖ దేశీయ శునకజాతుల మీద వెలువరించిన నాలుగు బిళ్లలలో అది యొకటి. రాజుగారి ఊరిపేరు దానికి నిలిచెను; తండా పేరు తెరమఱుగయ్యెను. బంజారాహిల్సు అను పేరైన మిగిలినందుకు సంతోషింపవలెను.

దొరల జాగిలములకు మాత్రము రైలు దొరకినది. 1874లో వాడి నుండి సికిందరాబాదునకు ఇనుపదారి వేయబడిన పిమ్మట, గార్డుపెట్టెలో కుక్కలకై ప్రత్యేకముగ నుంచిన యిఱుకు గూటిలో టిక్కెట్టు గొని వానిని పంపెడివారు. వానిని సాకు పరిచారకునకు డోరియా యని పేరు. డోరీ యనగా త్రాడు. కుక్కకు టిక్కెట్టు గొన్న దొర యొక తరగతిలోను, కుక్క గూటిలోను, డోరియా ఇంకొక తరగతిలోను పయనించెడివారు.

చీతాబండి యంతరించుటకు కారణము బండి కాదు. చీతాయే లేకపోయినది. ఆ కాలమున బంధనములో అది పిల్లలను పెట్టుట మిక్కిలి యరుదు. అక్బరు వేయి చీతాలలో ఒక్కసారి మాత్రమే కూనలు పుట్టినవని జహాంగీరు వింతగ వ్రాసెను. కనుక ప్రతి వేటచీతాయు అడవినుండి తెచ్చినదే. తరతరములు తెచ్చిన కొలది అడవి వట్టిపోయినది. 1918 మొదలు 1945 వఱకు కొల్హాపురము, భావనగరము మున్నగు సంస్థానముల వారు ఆఫ్రికా నుండి సుమారు 200 చీతాలను ఓడలలో తెప్పించుకొనిరి. 1947లో కొరియా సంస్థానాధిపతి ఒకే రాత్రి మూడింటిని కాల్చెను. అవియే చివరివని పెక్కురు వ్రాయుదురు. కాని చిత్తూరు జిల్లాలో ఒక చీతా కనబడినట్లు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో 1952లో ప్రకటింపబడినది. ఆ యేడే చీతా మన దేశమున అంతరించినదని నిర్ణయింపబడెను. భారతదేశపు తుది చీతా చూపులలో నొకటి తెలుగునేల మీదిది. యుద్ధానంతరము చౌకగ దొరకిన జీపులెక్కి, రాత్రివేళ దీపపు వెలుగున ఇఱ్ఱి మందలను కాల్చినవారు మిగిలిన పని పూర్తి చేసిరి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చునప్పటికి ఇఱ్ఱి సైతము కొలది చోట్లనే మిగిలినది.

2022 సెప్టెంబరున నమీబియా నుండి ఎనిమిది చీతాలు విమానములో గ్వాలియరునకు వచ్చి, అచ్చటినుండి హెలికాప్టరులో కూనో వనమునకు చేరెను. వానిని మోసిన పెట్టెల చిత్రములను వార్తాపత్రికలో నేను చాలసేపు చూచితిని. మన నగరపు జంతుప్రదర్శనశాలలో సౌదీ రాజకుమారుడు కానుక యిచ్చిన చీతాల జంట కొన్నేండ్లుండెను. ఆడుదగు హీబా 2020లోను, మగదగు అబ్దుల్లా 2023 మార్చిలోను మరణించినవి. అబ్దుల్లాను నేను చూచితిని. ఎండపొద్దున చెట్టునీడన పండుకొని, కంచెకు ఆవలనున్న మమ్ములను గాక, దూరమునెక్కడనో చూచుచుండెను.

బండ్లు చేసిన వడ్రంగులు, కమ్మరులు ఏమైరి? పల్లెలకు రబ్బరుచక్రపు డన్లపు బండి వచ్చి, పట్టా ఎక్కించు పనిని తీసివేసినది. ట్రాక్టరు ట్రాలీ వచ్చి డన్లపు బండిని తీసివేసినది. కమ్మరి కొడుకు నగరమునకు వచ్చి వెల్డింగు నేర్చెను. మా సందులోని పనివాడు అట్టివాడే. తన తాత బండ్లకు పట్టాలెక్కించెడివాడని, నేనడుగగా, మెదకు వైపున తమ యూరి పేరు చెప్పి, అతడు పని యాపకయే పలికెను. చీతాబండి మాట అతడెన్నడును విని యుండలేదు. పాతపటమొకటి నా కడ నుండగా తెచ్చి చూపితిని. చేతులు తుడుచుకొని, పటమును వెలుగునకు పట్టి, చీతాను గాక చక్రమును చూచి, "ఇరుసు మంచిగనే దించిండు" అనెను.

ట్రాలీ పూర్తియైననాడు తోట యజమాని కుక్కలను వెంట దెచ్చెను. మూడు కుక్కలు మారుమాట లేక ఎక్కెను. నాలుగవది, ఎఱ్ఱని చాయ గల ఆడుకుక్క, కొత్తరంగు వాసనకు కాబోలు, చువ్వల కడ నిలిచి కాళ్లు తన్నిపట్టెను. లాగినను కదలలేదు. పనివాడు లోపలికి బోయి గోనెసంచి యొకటి తెచ్చి, అడుగు పలకమీద పఱచి, అరచేతితో రెండుసార్లు తట్టెను. అది వాసన చూచి, ముందుకాలు పెట్టి, తీసి, మరల పెట్టి, లోపలికి దుమికి, మలుపు దిక్కునకు మూతి చాచి నిలువబడెను. దాని తలపైన సరిగ జానెడు చోటున్నది.